ఎనిమిది లెక్కపెట్టు

పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో మన సీనియర్ గారి ఉద్యోగం ఏమిటంటే, కప్పుల్ని కొట్టడం. బెల్టు మీద వరసగా వచ్చే ఒక్కో కప్పు అంచునీ చిన్న చెక్కపుల్లతో తట్టి, చెవి పెట్టి వినాలి. మంచి కప్పు టంగుమంటుంది. కంటికి కనిపించని పగులున్న కప్పు టప్ మంటుంది. అలాంటిదాన్ని తీసి పక్కనున్న తొట్టిలో పడేస్తే అక్కడది ముక్కలవుతుంది. పదకొండేళ్లుగా అదే పని. ఆయన చెవి తప్పు చెయ్యదని ఫ్యాక్టరీలో అందరూ ఒప్పుకున్నారు. దాంతో ఆ చెవి కాస్తా తలకెక్కింది. లోకంలో టప్ మనే మనుషుల్ని కూడా తానే ఏరి పారెయ్యాలని అనుకోవడం మొదలుపెట్టాడు.

ఆ పని సాయంత్రాలు చేసేవాడు. ఊళ్లో ఒక చిన్న రాక్ బ్యాండు ఉండేది. పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, జుట్టు మొహం మీదికి వేసుకుని బాధపడుతున్నట్టు పాడే ఒక గాయకుడు. వాళ్ల మొట్టమొదటి కచేరీ ఒక కుర్చీల కొట్టు మేడ మీద జరిగితే పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు వాన పడుతోందని లోపలికొచ్చినవాళ్లు. మిగిలిన తొమ్మిది మందిలో మన సీనియర్ గారొకరు. అది మొదలు బ్యాండు ఎక్కడ వాయించినా ముందు వరసలో ఈయన ఉండాల్సిందే. కొత్తవాళ్లు ఎవరు పలకరించినా, "ఆ పదకొండుగురిలో నేనొకణ్ణి" అని చెప్పాకే ఊపిరి పీల్చుకునేవాడు. కాలేజీ పిల్లలు ఆయన్ని సీనియర్ అనడం మొదలుపెట్టారు. వాళ్లు ఆ మాట నవ్వు ఆపుకుంటూ అంటారన్న సంగతి అంత గొప్ప చెవికీ వినపడలేదు.

వాళ్లమ్మకి మాత్రం ఇదంతా ఒక్క పూట కూడా నచ్చలేదు. కొడుకు నల్ల టీషర్టు తొడుక్కుని బయల్దేరినప్పుడల్లా ఒకే ప్రశ్న వేసేది.

"ఇన్నేళ్లు వాళ్ల వెంట తిరిగావు కదరా. వాళ్లకి నీ పేరు తెలుసా?"

ఆయన మూతి ముడుచుకుని చెప్పులేసుకునేవాడు. ఎందుకంటే తెలియదు. గాయకుడు ఆయన్ని ఎప్పుడు చూసినా "బ్రదర్" అనేవాడు. మిగతా ముగ్గురు అదైనా అనేవాళ్లు కాదు.

అందుకే గాయకుడు తనంతట తాను ఫోన్ చేసిన రోజున సీనియర్ గారికి కాళ్లు నేల మీద ఆనలేదు. క్యాంపస్‌లో కచేరీ ఉంది, దాన్ని రికార్డు చేసి ఆల్బమ్‌గా విడుదల చేస్తున్నాం అన్నాడు గాయకుడు. చిక్కంతా ఒక్క పాటతో అన్నాడు. ఆ పాట పేరు 'చివరి మెట్టు'. నడుమ ఒకచోట వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. సరిగ్గా ఎనిమిది లెక్కపెట్టేంతసేపు చడీచప్పుడూ ఉండదు. తర్వాత నలుగురూ ఒక్కసారిగా విరుచుకుపడతారు. పాట తెలియనివాళ్లు అక్కడ అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేస్తారు. అసలు సిసలు అభిమానులకి అంతకు మించిన పాపం లేదు. నిశ్శబ్దంలో తన తత్వమంతా ఉందని గాయకుడు చెప్పుకుంటాడు. వాడి తత్వం ఎనిమిది అంకెల్లో పట్టేంతే ఉంటుందన్నది నిజమే కాబట్టి దానికి మనమేమీ అనక్కర్లేదు.

జనాన్ని అదుపులో పెట్టి, ఆ ఎనిమిది లెక్కలూ శుభ్రంగా దక్కిస్తే ఆల్బమ్ అట్ట వెనక కృతజ్ఞతల్లో పేరు వేస్తామన్నాడు. "నీ పేరు అచ్చులో చూసుకుంటావు బ్రదర్" అన్నాడు. ఆ పేరేమిటో మాత్రం అడగలేదు. ఈయనకీ చెప్పాలని తోచలేదు. అట్ట ముందే కళ్లకి కట్టేసింది, అమ్మ ముందు దాన్ని ఎలా పెట్టాలో కూడా ఆలోచించేసుకున్నాడు.

ఇక్కడ తొందరబాబు సంగతి చెప్పాలి.

తొందరబాబు లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నగా, ఎప్పుడూ వేడి పెట్టె కింద తడిబట్ట ఆవిరి వాసన కొడుతూ ఉండేవాడు. ఇస్త్రీపెట్టె పట్టీ పట్టీ వేళ్లు పూర్తిగా విచ్చుకునేవి కావు. అందుకని అతను చప్పట్లు కొడితే అరచేతులు ఆనవు, లోపల బోలుగా ఉండి టప్ మంటుంది. రెండేళ్ల కిందట వరసగా మూడు కచేరీల్లో ఆ ఎనిమిది లెక్కల మధ్యలో, మొహమంతా వెలిగిపోతుండగా, ఒక్కడే చప్పట్లు కొట్టాడు. మూడోసారి సీనియర్ గారు ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. 'తొందరబాబు' అని పేరు పెట్టి ఆ వీడియో లోకం మీదికి వదిలాడు. ఊరంతా పగలబడి నవ్వింది. లాండ్రీకి వచ్చినవాళ్లు కూడా బట్టలు చేతికివ్వగానే చప్పట్లు కొట్టి వెళ్లేవాళ్లట.

ఆ తర్వాతి కచేరీ ముందు అతను సీనియర్ గారి దగ్గరికొచ్చాడు. గొడవ పడటానికి కాదు.

"అన్నా, ఎప్పుడు కొట్టాలో నాకు అర్థం కావట్లేదు. కాస్త చెబుతారా?" అన్నాడు.

సీనియర్ గారు కింది నుంచి పైదాకా చూశాడు. "ఎనిమిది లెక్కపెట్టు. అదీ రాకపోతే చేతులు జేబుల్లో పెట్టుకో. నేను చెప్పేదాకా తియ్యకు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు.

ఆ రాత్రి తొందరబాబు చేతులు జేబుల్లో పెట్టుకునే పాటలన్నీ విన్నాడు. కచేరీ అయిపోయి జనమంతా చప్పట్లు కొడుతున్నా తియ్యలేదు. సీనియర్ గారి వంకే చూస్తూ నిలబడ్డాడు. ఈయన చూసీ చూడనట్టు వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే తొందరబాబు లాండ్రీ ఎదుట రోడ్డు దాటుతూ లారీ కింద పడి చనిపోయాడు. చెవుల్లో ఆ పాటే ఉందట. కళ్లు సగం మూసుకుని, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకుంటూ నడిచాడని పక్కన పళ్లు అమ్ముకునే ఆవిడ చెప్పింది. ఈ కబురు తెలిసినప్పుడు మన సీనియర్ గారు ఏమన్నాడో తెలుసా? "అయితే ఎనిమిది దాకా రాలేదన్నమాట" అన్నాడు. గాయకుడు కూడా నవ్వాడు.

సరే. కచేరీ రోజు ఎండ ఉండగానే సీనియర్ గారు క్యాంపస్‌కి చేరాడు. అర్ధచంద్రాకారంలో సిమెంటు మెట్లు, కింద వేదిక, మెట్ల వెనక ప్రయోగశాలల భవనం. అప్పుడే గడ్డి కోశారేమో ఆ పచ్చి వాసనా, వేడెక్కిన దీపాల మీద దుమ్ము కాలుతున్న వాసనా కలిసి వస్తున్నాయి. మెట్ల నడుమ బల్ల వేసుకుని మిక్సర్ అక్క కూర్చుంది. పేరు వేరే ఉంది గానీ శబ్దాలు సరిచేసే ఆ యంత్రాన్ని బట్టి అందరూ అలాగే పిలుస్తారు. జుట్టు నెరిసిన మనిషి. మీటింగులకీ పెళ్లిళ్లకీ మైకులు పెట్టీ పెట్టీ విసిగిపోయి ఉంది. ఈ బ్యాండంటే ఆవిడకి కాణీ గౌరవం లేదు. సీనియర్ గారంటే అదీ లేదు.

జనం రాకముందు ఒకసారి సరిచూసుకోవడానికి బ్యాండు 'చివరి మెట్టు' అందుకుంది. ప్రేక్షకుల చప్పుడు పట్టుకోవడానికి మెట్ల వైపు తిప్పి పెట్టిన రెండు మైకులు అక్క తెరిచి ఉంచింది. పాట నడుమకొచ్చింది. వాయిద్యాలు ఆగాయి. ఖాళీ మెట్లు. ఎక్కడో కాకి అరిచి ఊరుకుంది.

టప్.

అక్క హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి తప్పించి, "నువ్వేనా?" అంది.

సీనియర్ గారికి ఒళ్లు మండింది. ఎవరితో అంటున్నావో తెలుసా, ఆ పదకొండుగురిలో నేనొకణ్ణి అని మొదలుపెట్టాడు. పన్నెండైనా పదమూడైనా తనకనవసరమనీ, ఇక్కడ నువ్వు తప్ప మరో పురుగు లేదనీ అక్క అంది. ఆయన గిరుక్కున తిరిగి మెట్ల పైదాకా చూశాడు. ఎవరూ లేరు. ఇంత చెవి ఉన్నవాడికి ఆ చప్పుడు ఎక్కడిదో తెలియాలి. తెలిసింది కూడా. పగిలిన కప్పు అనుకున్నాడు, అలా అనుకుని మనసు వేరేదాని మీదికి తిప్పుకున్నాడు. గడ్డి వాసనలో ఎక్కడో తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టిన వాసన తగిలింది. హాస్టలు పిల్లలెవరో బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు కాబోలు అనుకున్నాడు.

చీకటి పడేసరికి నాలుగొందల మంది పిల్లలు మెట్ల నిండా చేరారు. సగం మందికి పాటలు రావు, మిగతా సగానికి పాటలు అక్కర్లేదు, ఫోన్లు పైకెత్తి తమ మొహాలు తామే తీసుకుంటున్నారు. వాళ్లని చూస్తుంటే సీనియర్ గారికి తొట్టిలోని పెంకులు గుర్తొచ్చాయి. పాటకి ముందు ఆయనకి మైకు ఇచ్చారు. ఆయన ఉపన్యాసం దంచాడు. నిశ్శబ్దం అంటే ఏమిటి, అభిమానం అంటే ఏమిటి, తాను వేలు ఎత్తి ఉంచినంతసేపూ ఊపిరి కూడా మెల్లగా ఎలా పీల్చాలి అన్నీ చెప్పాడు. నడుమ నడుమ తొందరబాబుని అనుకరించి చూపించి నవ్వించాడు కూడా. వేళ్లు వంకరగా పెట్టి, కళ్లు పెద్దవి చేసి. బాగా నవ్వారు.

పాట మొదలైంది. ముందు వరసలో జనం వైపు తిరిగి, వేలెత్తి నిలబడ్డాడు. వాయిద్యాలు ఆగాయి.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

టప్.

పై మెట్టు మీంచి. అందరి తలలూ అటు తిరిగాయి. పై మెట్టు మీద ఎవరూ కూర్చోలేదు. అక్కడ దీపం లేదు.

గాయకుడు చెయ్యెత్తి పాట ఆపేశాడు. మళ్లీ తీసుకుందాం అన్నాడు నవ్వుతూనే. రెండోసారి అందుకున్నారు. ఈసారి సీనియర్ గారు కళ్లు చిట్లించి ఒక్కో మొహమే వెతికాడు. దొరికితే వాణ్ణి చెవి పట్టుకుని బయటికి ఈడ్చుకుపోవాలని. వాయిద్యాలు ఆగాయి. నాలుగొందల జతల చేతులు ఒళ్లో, మోకాళ్ల మీద, ఫోన్ల మీద కదలకుండా ఉన్నాయి. ఆయనే చూస్తున్నాడు. ఒక్క చెయ్యి కదల్లేదు.

టప్.

మెట్ల నడుమ నుంచి. ఇంకాస్త దగ్గరగా.

ఇప్పుడు గాయకుడు నవ్వలేదు. "నిన్నెందుకు పెట్టుకున్నాం బ్రదర్?" అన్నాడు మైకులోనే. నాలుగొందల మందీ గొల్లుమన్నారు. సీనియర్ గారి చెవులు వేడెక్కిపోయాయి. అట్ట మీద పేరు కళ్ల ముందే చెరిగిపోతోంది. ఇంకొక్కసారే తీసుకుంటాం, అదీ పోతే ఆ పాటే తీసేస్తాం అన్నాడు గాయకుడు.

మిక్సర్ అక్క సీనియర్ గారిని సైగ చేసి తన బల్ల దగ్గరికి పిలిచింది. తన హెడ్‌ఫోన్స్ తీసి ఆయన తలకి తగిలించింది. జనం వైపున్న మైకులు రెండూ ఇందులో వినిపిస్తాయనీ, గొప్ప చెవి అంటావు కదా, ఏ పక్క నుంచి వస్తోందో విని చెప్పమనీ అంది. ఆయన రెండు చేతులతోనూ వాటిని చెవులకేసి గట్టిగా అదుముకున్నాడు.

పాట వచ్చింది, పెరిగింది. ఆగింది.

నాలుగొందల మంది ఊపిరి. బట్టల గరగర. ఎవరో గుటక మింగారు. అన్నీ దూరం నుంచి వస్తున్నాయి. వాటి మీద ఇంకో ఊపిరి... ఇది దూరంగా లేదు. ముక్కుతో కాక నోటితో పీలుస్తున్న ఊపిరి. గుప్పున ఇస్త్రీ వాసన వేసింది. వేడిగా, తడిగా.

"ఒకటి..."

గుసగుస. కుడి చెవిలో.

"రెండు... మూడు..."

సీనియర్ గారు అక్క వైపు చూశాడు. ఆవిడ వేదికని చూస్తోంది. ఆవిడకి వినపడటం లేదు.

"నాలుగు... అయిదు..."

అయిదు దగ్గర కొంచెం ఆగింది. తర్వాత జాగ్రత్తగా, వేలు మడిచినట్టు...

"ఆరు... ఏడు... ఎనిమిది..."

అయిపోయింది. ఇప్పుడు వాయిద్యాలు విరుచుకుపడాలి.

పడలేదు.

వేదిక మీద డ్రమ్ములవాడు పుల్లలు రెండూ పైకెత్తి అలాగే ఉన్నాడు. గాయకుడు నోరు తెరిచి అలాగే ఉన్నాడు. ముందు వరసలో ఒక పిల్ల రెప్ప సగం వాల్చి అలాగే ఉంది.

"తొమ్మిది... పది... పదకొండు..."

హెడ్‌ఫోన్స్ తీసేద్దామంటే చేతులు రాలేదు. ఇంక ఆపండ్రా, వాయించండ్రా అని అరవాలనుకున్నాడు. ఆ నిశ్శబ్దాన్ని కాపాడతానని మాట ఇచ్చినవాడు తానే. లెక్క సాగుతూనే ఉంది. ఇరవై దాటింది. ముప్పై దాటింది. తొందర లేదు దానికి. ఎక్కడా తప్పు పోవడం లేదు.

అప్పుడు ఆగింది. చెవికి ఇంకా దగ్గరగా జరిగింది.

"అన్నా... ఇప్పుడు కొట్టొచ్చా?"

ఆ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు. నేర్చుకోవాలని వచ్చినవాడి గొంతు అది, రెండేళ్ల కిందట ఎలా అడిగిందో అలాగే ఉంది. సీనియర్ గారి పెదవులు కదిలాయి. ఇది ఆగితే చాలు, ఎలాగైనా ఆగితే చాలు.

"కొట్టు" అన్నాడు.

టప్.

రెండు చెవుల మధ్య.

లోకం కదిలింది. పుల్లలు కిందికి దిగాయి గానీ వాయిద్యాలు మోగలేదు. నవ్వు మోగింది. నాలుగొందల మందీ ఆయన వైపే తిరిగి నవ్వుతున్నారు. ఫోన్లన్నీ ఇటే ఉన్నాయి. మిక్సర్ అక్క ఆయన తల మీంచి హెడ్‌ఫోన్స్ లాక్కుని, "మూడు లెక్కలైనా ఆగలేకపోయావా?" అంది.

మూడే అయ్యాయట.

తెల్లారేసరికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఉపన్యాసం, వెక్కిరింపు, ఆ తర్వాత ఈయన బిక్కమొహం, ఒక్క చప్పట్టు. ఫ్యాక్టరీలో క్యాంటీన్ వాడు కూడా గ్లాసు చేతికిచ్చి చప్పట్లు కొట్టాడు. సీనియర్ గారు వీడియో ఆపి, పెద్దది చేసి, కనపడ్డవాడికల్లా చూపించాడు. చూడండి, నా చేతులు రెండూ హెడ్‌ఫోన్స్ మీదే ఉన్నాయి, పెదవులు తప్ప ఏమీ కదల్లేదు అన్నాడు. నిజమే. చప్పుడు వినిపించినప్పుడు ఆయన చేతులు చెవుల మీదే ఉన్నాయి. "అయితే నోటితో కొట్టావా అన్నా?" అన్నారు. చేతులు చూసేంత ఓపిక ఎవరికుంటుంది, మొహమే అంత బాగుంటే?

బ్యాండుకి మాత్రం పండగే. ఇన్నేళ్లలో వాళ్ల పాట ఇంతమంది వినడం అదే మొదలు. పాట తీసేస్తామన్నవాళ్లు ఆ చప్పుడుతో సహా ఆల్బమ్‌లో పెట్టేశారు. అట్ట వచ్చిన రోజున సీనియర్ గారు దాన్ని గదిలో తలుపేసుకుని తిప్పి చూశాడు. కృతజ్ఞతల్లో ఆఖరున ఒకే ఒక్క పేరు ఉంది.

తొందరబాబు.

ఇప్పుడు జనం తనని ఆ పేరుతోనే పిలుస్తున్నారు, బ్యాండువాళ్లు తనని ఉద్దేశించే వేశారు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టాక ఆయనకి ఏడుపొచ్చింది. పదకొండేళ్ల చెవి, ఇన్ని కచేరీలు, అన్నీ పోసి ఇంకొకడి పేరు అచ్చు వేయించాడు. వాడి అసలు పేరు కాదది. తాను పెట్టిందే.

తర్వాత కొన్నాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లలేదు. తట్టిన ప్రతి కప్పూ టప్ మంటోందని, మంచివి కూడా తొట్టిలో పడేస్తున్నాడని ఇంటికి పంపేశారు. ఒక మధ్యాహ్నం, మంచి ఎండలో, మంచం మీద పడుకుని ఉన్నాడు. వీధి గేటు చప్పుడైంది. వాళ్లమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. అవతలి గొంతు వినపడలేదు. కాసేపటికి ఆవిడ గది గుమ్మంలోకి వచ్చింది.

"నీకోసం ఎవరో వచ్చాడురా. పాపం, మెత్తగా ఉన్నాడు. కూర్చో నాయనా అంటే కూర్చోడు. మంచినీళ్లిస్తే అందుకోడు, జేబుల్లోంచి చేతులు తియ్యడు. ఏం నాయనా అంటే, అన్న చెప్పాలి అంటాడు."

సీనియర్ గారు లేవలేదు. గదిలోకి ఇస్త్రీ వాసన వస్తోంది. ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె పాడై ఏడాదైంది.

"పేరేమిటి బాబూ అని అడిగాను" అంది వాళ్లమ్మ. "అన్నకి తెలుసు అన్నాడు. ఏమిట్రా అతని పేరు?"

ఆయన నోరు తెరిచాడు. ఆ ఒక్క పేరు తప్ప ఇంకేమీ రాలేదు, అది నోటితో అనడానికి ధైర్యం చాలలేదు. వాళ్లమ్మ ఇంక లాభం లేదన్నట్టు తల తిప్పింది. తర్వాత గుమ్మంలో ఒక పక్కకి ఒదిగి, వెనకనున్నవాడికి దారి ఇచ్చింది.

"నువ్వే చెప్పు నాయనా, లోపలికి రా" అంది.

ఆవిడ వెనక ఖాళీ వరండాలో ఎండ పడుతోంది.